సగం చెవితో విన్న రేడియో

(ప్రపంచ రేడియో దినం సందర్భంగా నల్లగొండలో విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగుల ముందు ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికి నమస్కారం. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూసోండి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. నేను పాఠాలు చెప్పుకొని బతికినోన్ని, నిలబడ్డోళ్ళను చూస్తే నాకు మాట సాగది.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఏండ్ల తరబడి నడిచిన రేడియో కార్యక్రమాలు, వాటి మీద జనానికి ఉన్న మక్కువ. రేడియో అంటే ప్రాణమిచ్చెటోళ్ళం, ఊరంత దాని చుట్టూ చేరేది అనే మాటలు ఇసొంటి సభలల్ల మస్తు వింటం. నేను కొంచెం ఎదురు చెప్పాల్నని వచ్చిన. యాభై, అరవై ఏండ్లు నడిచిన కార్యక్రమాలను ఒక్కొక్కటే తీసి చూడండి. వాటిని జనం చెవులు రిక్కించి ఏం విన్లేదు, సగం చెవితో విన్నరు. సగం చెవితో విన్నా సరిపోయేటివే అన్నేండ్లు నిలబడ్డయి. రెండు చెవులు అప్పగించి విన్నవి కూడ ఉన్నయి. అవి గొప్పవే, కాదనను. కాని అవి ఒక మనిషితోని వచ్చినయి, ఆ మనిషితోనే పోయినయి.

పొద్దుగాల సంగతితోనే మొదలుపెడ్దాం. స్టేషన్ తెరిచేటప్పుడు వచ్చే ఆకాశవాణి సంకేత రాగం మీ తాతల చెవులల్ల ఇప్పటికీ ఉంటది. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. హిట్లర్ కాలంల ఐరోపా ఇడిచి బొంబాయి వచ్చి, అక్కడ రేడియోల పనిచేసిండు. మన శివరంజని రాగం ఛాయ ఉన్న ఆ బాణీ 1936 ప్రాంతం నుంచి నడుస్తున్నది. వయొలిన్ వాయించింది మెహ్లీ మెహతా. ఇవన్నీ మనకు తెల్వక ముందే ఆ రాగం మనకు తెల్సు. దాన్ని కూసొని విన్న మనిషిని నేనైతే చూడలే. అది మోగుతుంటే ఒకరు వాకిలి ఊడుస్తరు, ఒకరు బర్రె పాలు పిండుతరు, ఇంకొకరు వేపపుల్ల నోట్లె పెట్టుకొని బాయి దిక్కు పోతరు.

ఆ తర్వాత భక్తిరంజని. విజయవాడ కేంద్రంల బాలాంత్రపు రజనీకాంతరావు గారి పేరుతో ముడిపడ్డ కార్యక్రమం అది. దాని తర్వాత వార్తలు. 6 గంటల 55 నిమిషాలకు సంస్కృతంల వార్తలు వచ్చేటివి. 1974ల మొదలైన బులెటిన్ అది. 'ఇయం ఆకాశవాణి, సంప్రతి వార్తాః శ్రూయంతామ్' అని బలదేవానంద సాగర్ గొంతు వినపడంగనే ఇంట్ల హడావుడి పెరిగేది. నిజం చెప్పండి, ఇక్కడున్న పెద్దలల్ల ఆ వార్తలు అర్థమైనోళ్ళు ఎంతమంది? (నవ్వులు) రెండు చేతులు లేచినయి, ఇద్దరూ తెలుగు పండితులే. మిగతా జిల్లాకు ఆ ఐదు నిమిషాల అర్థం ఒక్కటే: పొద్దెక్కుతున్నది, బస్సుకు తయారు కావాలె. ఆ వార్తలల్ల ఒక్క ముక్క తెల్వకపోయినా, అవి ఒక్క పొద్దు రాకపోతే మాత్రం 'ఏమైంది ఇయ్యాల?' అనెటోళ్ళం.

తర్వాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. అద్దంకి మన్నార్, మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి, ఈ పేర్లు ఇంటి చుట్టాల పేర్ల లెక్క నోటికి వస్తయి. సినిమా నటుడు జగ్గయ్య గారు కూడ అంతకుముందు ఢిల్లీల తెలుగు వార్తలు చదివినోరే. వాళ్ళ గొంతుల ఉద్వేగం తక్కువ. ఇప్పటి టీవీల అరిచినట్టు అరిస్తే సగం చెవితో వినలేం, పని ఇడిచిపెట్టి చూడాల్సి వస్తది. రేడియో వార్తలు చదివేటోళ్ళు మన పనికి అడ్డం రాకుంట మాట్లాడిన్రు. అది పెద్ద విద్య అని నేనంట.

మీలో కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చినోళ్ళకు ఇంకో సంగతి యాదికుంటది. ఆ దిక్కు హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ కూడ పలికేది, విజయవాడ 837 కూడ పలికేది. ముల్లు కొంచెం అటిటు తిప్పితే రెండు వేరు వేరు లోకాలు. వానకాలంల విజయవాడ పెడితే ఏం వినపడేది? బంగాళాఖాతంల వాయుగుండం, మచిలీపట్నం రేవుల ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక, మత్స్యకారులు వేటకు పోవద్దు. మనకు సముద్రం ఏడుంది? సాగర్ డ్యాంనే మనం సముద్రం అనుకొని బతికినోళ్ళం. అయినా ఆ హెచ్చరిక చెప్తుంటే రేడియో కట్టెయ్యబుద్ది కాదు. అటు తుఫాను అంటే ఇటు మనకు ముసురు అని రైతు లెక్క కట్టుకునేటోడు, అదొక్కటి. రెండోది, ఎక్కడో ఎవరినో జాగ్రత్తగ ఉండుమని ఒక గొంతు చెప్తున్నదంటే మన ప్రాణానికి కూడ హాయిగ ఉండేది.

ఇది మన ఒక్కల ముచ్చట కాదు. ఇంగ్లండుల బీబీసీ 1920ల నుంచి ఓడలకు సముద్ర వాతావరణం చదువుతున్నది. డాగర్, ఫిషర్, జర్మన్ బైట్ అని సముద్రాన్ని భాగాలు చేసి, గాలి ఏ దిక్కుది, ఎంత జోరు, చూపు ఎంతదూరం ఆనుతది, గంతే. పడవ ఎక్కని మనుషులు లక్షలల్ల దాన్ని రాత్రి పడుకునే ముందు వింటరు. ఆ సమయం జరా మారుస్తమని అంటే ఒప్పుకోక గొడవ చేసిన్రు. పడవలల్ల ఉన్నోళ్ళ కంటే పరుపు మీద ఉన్నోళ్ళే ఎక్కువ గొడవ చేసిన్రంటే నమ్మాలె.

ఇగ వ్యవసాయానికి వస్త. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ సేపు నిలబడ్త, ఎందుకంటే నల్లగొండకు, రేడియోకు అసలు బంధం ఇక్కడనే ఉంది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీళ్ళు ఇడిచింది. సరిగ్గ ఆ నడిమిట్లనే కొత్త వరి వంగడాలు వచ్చినయి. ఒక్కసారి ఆలోచించండి. తాతల కాలం నుంచి జొన్న, సజ్జ, ఆముదం, కంది పండించిన సెల్కలు. మెట్ట రైతుకు వానను చూసి విత్తుడు తెల్సు గాని, కాలువ నీళ్ళు పొలంల ఎన్ని అంగుళాలు నిలవాల్నో ఎట్ల తెలుస్తది? నారుమడి ఎప్పుడు పోయాలె, యూరియా ఎన్ని దఫాలుగ వెయ్యాలె, మొవ్వు ఎండిపోతే ఏం పురుగు? వ్యవసాయ శాఖ మనిషి ఊరికి వచ్చేది ఎప్పుడో. రేడియో మాత్రం రోజూ వచ్చేది. 1960ల నడుమ ఆకాశవాణి కేంద్రాలల్ల రైతుల కోసం ప్రత్యేకంగ విభాగాలు పెట్టిన్రు. తమిళనాడు తంజావూరు దిక్కు అయితే ఏడీటీ-27 అనే వరి వంగడాన్ని రైతులు 'రేడియో వరి' అనే పిలిచిన్రు. విత్తనాల దుకాణంల ఆ పేరే చెప్పి కొనుక్కున్నరట.

అప్పట్ల పంచాయతి ఆఫీసుల ఒక రేడియో, దానికి బయట చెట్టుకో స్తంభానికో కట్టిన లౌడ్‌స్పీకర్. ఇంట్ల రేడియో ఉన్నోళ్ళు పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టాల్సిందే, 1980ల దాకా ఆ లైసెన్సు ఉండె. అందుకని ఊరికి ఒక్క గొంతే. సాయంత్రం పశువులు ఇంటికి వచ్చే వేళకు రైతుల కార్యక్రమం. అరుగు మీద కూసున్నోళ్ళు అది వింటున్నట్టు కనపడరు. ఒకడు చుట్ట కాలుస్తుంటడు, ఇద్దరు గట్టు తగాదా గురించి వాదులాడుకుంటరు. నడుమల 'దోమపోటు' అని ఒక్క మాట వస్తది. అందరూ ఒక్కసారి చుప్. ఆ ముక్క అయిపోంగనే మళ్ళ గట్టు తగాదా. నేను సగం చెవి అంటున్నది దీన్నే. తనకు కావాల్సిన మాట వచ్చేదాక ఆ చెవి పడుకొని ఉంటది, రాంగనే లేస్తది. మనిషికి ఆ నమ్మకం ఉండాలె: ఇయ్యాల నా మాట రాకపోయినా రేపు ఇదే వేళకు వస్తది అని. మార్కెట్ ధరలు కూడ అంతే. పల్లికాయ ధర కావాల్సినోడు కందుల ధర, ఆముదాల ధర ఓపికగ దాటుకుంట పోయేటోడు.

రైతుల కార్యక్రమాన్నే కథగ మలిస్తే ఏమైతదో బీబీసీ చేసి చూపించింది. రెండో ప్రపంచ యుద్ధం అయినంక ఆ దేశంల తిండికి కటకట. రేషన్ నడుస్తున్నది. రైతులకు కొత్త పద్ధతులు చెప్పాల్నని గాడ్‌ఫ్రే బేస్‌లీ అనే ఆయన 'ఆర్చర్స్' అని ఒక వ్యవసాయ కుటుంబం కథ మొదలుపెట్టిండు. 1951 జనవరి 1 నుంచి దేశమంతా వస్తున్నది, ఇప్పటికీ వస్తున్నది. ప్రపంచంల అన్నిటికంటే ఎక్కువ కాలం నడుస్తున్న నాటకం అని దానికి పేరు. మొదట్ల వ్యవసాయ మంత్రిత్వ శాఖ సలహాలు కూడ తీసుకునేటోళ్ళు. ఎరువు సంగతి, పశువుల రోగం సంగతి పాత్రల మాటలల్ల కలిపి చెప్పేటోళ్ళు. 1955 సెప్టెంబర్ 22 రాత్రి ఆ కుటుంబం కోడలు గ్రేస్ అగ్గిల పడి చచ్చిపోయినట్టు కథ రాసిన్రు. ఆ రాత్రే అక్కడ ప్రైవేటు టీవీ ఛానల్ మొదలైంది. కొత్త టీవీ గురించి మాట్లాడుకోవాల్సిన జనం పొద్దున లేచి గ్రేస్ గురించి ఏడ్చిన్రు. బీబీసీ కావాల్నని చేసిందా అని ఇప్పటికీ వాదిస్తరు. నాకైతే కావాల్ననే చేసిన్రనిపిస్తది, అంత గట్టిగ కలిసిరాదు.

మన దగ్గర అంత పొడుగు కథ లేకపోవచ్చు. పాత్రలు మాత్రం ఉండె. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంల చిన్నక్క, రాంబాబు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే పొదుపు, ఆరోగ్యం, పిల్లల చదువు అన్నీ ఆ మాటలల్లనే దొర్లిపొయ్యేటివి. పిల్లలకు ఆదివారం బాలానందం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మీకు రేడియో అన్నయ్య, అక్కయ్య అంటెనే తెలుస్తది.

భాష గురించి ఒక మాట అంటే తప్పుగ అనుకోకండి. వార్తల తెలుగు వేరే, మన ఇండ్లల్ల తెలుగు వేరే. 'వర్షాలు కురిసే అవకాశం ఉంది' అని రేడియో అంటే, మా అమ్మ 'వాన పడ్తదట' అని పక్కింటామెకు చెప్పేది. మన యాస రేడియోల వినపడాల్నంటే పల్లెటూరి పాత్రనో, హాస్యమో, జానపదమో రావాలె. పండితుడు, డాక్టరు, శాస్త్రవేత్త మాట్లాడితే ఆ యాస ఉండేది కాదు. ఆ దూరం చిన్నది కాదు. మరి అట్లాంటి భాషను అన్నేండ్లు ఇంట్ల ఎట్ల పెట్టుకున్నం? మనతోని మాట్లాడుతున్నది అనుకుంటే కోపం వస్తుండె. పనిల ఉన్నం, అది పక్కన మాట్లాడుకుంటున్నది, మనకు కావాల్సిన ముక్క మనం ఏరుకుంటున్నం. అందుకే నడిచిపోయింది.

ఇప్పుడు రెండు చెవుల కార్యక్రమాల సంగతి.

1952ల సమాచార శాఖ మంత్రి బీ.వీ. కేస్కర్ సినిమా పాటలు ఆకాశవాణి గౌరవానికి తగవన్నడు, వాటిని బాగ తగ్గించేసిండు. జనం ముల్లును సిలోన్ దిక్కు, అంటే ఇప్పటి శ్రీలంక దిక్కు తిప్పిన్రు. అదే ఏడు డిసెంబర్‌ల రేడియో సిలోన్‌ల అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టిండు. బుధవారం రాత్రి 8 గంటలకు. ఇక్కడ మన దక్షిణ తెలంగాణకు ఒక ప్రత్యేకత ఉంది, ఎవరూ పెద్దగ చెప్పరు. నిజాం కాలంల చదువు ఉర్దూల. 1930లల్ల మొదలైన దక్కన్ రేడియో భాష ప్రధానంగ ఉర్దూ. 1948 సెప్టెంబర్ 17న నిజాం స్వయంగ మాట్లాడింది ఆ రేడియోలనే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోల కలిసింది. అంటే నల్లగొండల, పాలమూరుల యాభై ఏండ్లు దాటిన పట్వారీ, టీచరు, వకీలు, అందరికీ ఉర్దూ చెవి అప్పటికే ఉంది. కోస్తాల చదువుకున్నోళ్ళకు బినాకాల పాట ఒక్కటే అందింది. మనోళ్ళకు పాటతోని పాటు సయానీ చమత్కారం కూడ అందింది. 'బహనో ఔర్ భాయియో' అనంగనే అరుగు మీద ముసలాయన చిర్నవ్వు నవ్వేది అందుకే.

సిలోన్‌ల పొద్దున పాత సినిమా పాటల కార్యక్రమం చివర రోజూ పాతకాలం గాయకుడు సైగల్ పాట ఒకటి వేసేటోళ్ళు. అది అయిపోతే 8 అయినట్టే. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గొంతు. కేస్కర్ చేసిన పనికి జవాబుగ 1957 అక్టోబర్ 3న ఆకాశవాణిలనే పాటల కోసం వివిధ భారతి పుట్టింది. జైమాల, హవామహల్, భూలే బిస్రే గీత్ అప్పటి నుంచి పాతుకపోయినయి.

సయానీ కార్యక్రమానికి ఉత్తరాలు వేలల్ల వచ్చేటివి. బీహార్‌ల, ఇప్పుడు జార్ఖండ్ అనుకోండి, ఝుమ్రీ తలైయా అనే అభ్రకం గనుల ఊరు ఒక్క పాటల ఫర్మాయిష్ ఉత్తరాలతోనే దేశమంతా ప్రసిద్ధి అయింది. రేడియోల తన పేరు, తన ఊరి పేరు వినుడు అంటే అప్పట్ల మామూలు మాట కాదు. పోస్టుకార్డు మీద పైసలు పెట్టి, ఇంటిల్లిపాది పేర్లు రాసి, పక్కింటోళ్ళ పేర్లు కూడ చేర్చి పంపేటోళ్ళు. పాట మూడు నిమిషాలు, పేర్లు నాలుగు నిమిషాలు.

ఇదే తీరుగ విజయవాడల ఉషశ్రీ గారు. రామాయణం, భారతం, ధర్మసందేహాలు. శ్రోతలు ఉత్తరంల ఒక ప్రశ్న పంపుతరు, ఆయన దానికి కొరడా లాంటి జవాబు ఇస్తడు. ఆదివారం ఆయన గొంతు వస్తుంటే పనులు ఆగినయి. ఆగినయి అంటున్న, గుర్తుపెట్టుకోండి. ఉషశ్రీ గారు 1990ల పోయిన్రు. ఆ కుర్చీల ఇంకొకరు కూసోవచ్చు గాని, ఆ వినుడు మళ్ళ రాలే. బినాకా కూడ పేరు మారి, స్టేషన్ మారి, 1990ల నడుమకు వచ్చేసరికి ఆగింది. సయానీ 2024 ఫిబ్రవరిల కన్ను మూసిండు. భక్తిరంజని మాత్రం పాడేటోళ్ళు మారినా ఆగలే. సంస్కృత వార్తలు చదివేటోళ్ళు మారినా ఆగలే. ఆర్చర్స్‌ల పాత్రలు పుడుతున్నయి, చస్తున్నయి, కథ మాత్రం ఆగలే. మనిషి మీద నిలబడ్డదానికి, వేళ మీద నిలబడ్డదానికి తేడా ఇది.

పాలమూరు నుంచి వచ్చిన మిత్రులు ఇక్కడ ఉన్నరు, వాళ్ళ కోసం ఒక ముచ్చట. మక్తల్ దిక్కు ఒక పెద్దమనిషి నాకు చెప్పిండు. గుంపు మేస్త్రీ వెంబడి మహారాష్ట్రల కాలువ పనులకు పోయేటోడు. పాలమూరు లేబర్ లేకుంట ఈ దేశంల కాలువ తవ్విందెక్కడ? వాళ్ళ గుడిసెలల్ల ఒక ట్రాన్సిస్టర్ ఉండె. పగలంతా దాంట్ల మరాఠీ, లేకుంటే గురగుర. చీకటి పడినంక హైదరాబాద్ పలికేది. ఆయన అనుకున్నది ఏందంటే, మన స్టేషనోళ్ళు లేబర్ పని నుంచి వచ్చే వేళకే జోరు పెంచుతరని. (నవ్వులు) సైన్సు పిల్లలు చెప్పండి, ఎందుకట్ల? అవును, అయనోస్ఫియర్. పగలు ఎండకు ఆకాశంల కింది పొర ఒకటి మీడియం వేవ్ తరంగాలను మింగేస్తది. రాత్రి ఆ పొర మాయమైతది. తరంగం పైపొరకు తగిలి వందల మైళ్ళ అవతల దిగుతది. ఎఫ్ఎంకు ఆ శక్తి లేదు, అది ఎదురుగ చూపు ఆనినంత దూరమే. దేవరకొండ గుట్టల వెనక తండాలల్ల ఎఫ్ఎం గుటకలు మింగేది ఇందుకే. నేను ఆ పెద్దమనిషికి ఈ శాస్త్రం చెప్పలే. ఆయన లెక్కనే బాగుందనిపించింది.

ఫోన్ల సంగతి అడుగుతరని తెల్సు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌ల ఇయ్యాల దేశంల ఆకాశవాణి కేంద్రాలు చాలామట్టుకు వినొచ్చు, గురగుర లేకుంట. అమెరికాల ఉన్న మీ అన్న కూడ వినొచ్చు. నాకు దాంట్ల ఒకటే ఇబ్బంది. ఫోన్ తీస్తే ముందు ఏదో ఒకటి ఎంచుకోవాలె. ఎంచుకున్నంక దాని మీదనే కన్ను. పక్కన ఇంకొకటి పిలుస్తది. ఎంచుకునుడు వచ్చినకాడ సగం చెవి ఉండదు. మా ఇంటి పక్క దర్జీ దుకాణంల మాత్రం రేడియో ఇప్పటికీ మోగుతది. ఆయన చేతులు, కండ్లు రెండూ మిషన్ మీద ఉంటయి, ఖాళీగ ఉన్నది చెవులే. హోటల్ పొయ్యి కాడ, ఆటోల, బీడీలు చుట్టే ఇండ్లల్ల కూడ గంతే. ఏండ్ల తరబడి నడిచే కార్యక్రమాలకు ఇప్పుడున్న శ్రోతలు వీళ్ళు. సర్వేలు చేసెటోళ్ళు వీళ్ళ దగ్గరకు పోయి 'మీకిష్టమైన కార్యక్రమం ఏది?' అని అడిగితే జవాబు రాదు. 'పొద్దున 7 గంటలకు ఏమొస్తది?' అని అడగండి, టక్కున చెప్తరు.

డిగ్రీ పిల్లలకు ఒక పని. మీ ఇంట్ల అరవై దాటినోళ్ళను ఏ వేళకు ఏ పని చేసుకుంట రేడియోల ఏం విన్నరో అడిగి, ఫోన్ల రికార్డు చెయ్యండి. వాళ్ళ మాటనే ఉండనియ్యండి, మీరు సాపు చెయ్యకండి. తెచ్చి ఇక్కడ లైబ్రరీల ఇస్తే దాచిపెడ్తమని లైబ్రేరియన్ గారు ఒప్పుకున్నరు, ఇగో, తల ఊపుతున్నరు.

నాకిచ్చిన సమయం దాటింది. ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరుసల ఆ అమ్మాయికి ఇయ్యండి, ఎప్పటి నుంచో చెయ్యి ఎత్తే ఉంది.